నెల్లిమర్ల దారిలో విమానయంత్ర చింతన

విజయనగరపు గంటస్తంభమునొద్ది సందడిని వెనుక విడిచి, పాలకొండ రహదారిని పట్టి ఈశాన్యముగా సాగిపోవు యాత్రికునకు, పట్టణపు ఛాయలు మాసిపోవుసరికి ఇరుదెసల కోతకు వచ్చిన వరిచేలును, గట్లపై వరుసదీరిన తాటిచెట్లును, అందందు దారి ప్రక్కన ఆరవేసిన గోగునార కట్టలును కనుపట్టి, వాని వెనుక జూట్ మిల్లు ప్రాకారమును, ఆవల దూరమున రామతీర్థపు కొండలును క్రమముగా గోచరించును. అదియే నెల్లిమర్ల. తూర్పుకనుమలలో ఆండ్ర గ్రామ సమీపమున జనించి, గజపతినగరపు పొలములను తడుపుచు వచ్చి, కోనాడ యొద్ద సముద్రమున లీనమగు చంపావతీనది ఈ యూరి నానుకొనియే ప్రవహించుచున్నది. నది చిన్నది, సంవత్సరములో అధికభాగము ఇసుకతిన్నెల నడుమ సన్నని పాయగా మాత్రమే కనిపించును, అయినను దాని యొడ్డున వరియు గోగును పండించి బ్రతుకు జనులకు అది మహానదియే.

నేను మార్గశిర మాసమున ఈ ప్రాంతమునకు వచ్చుటకు రెండు కారణములు గలవు. ఒకటి రామతీర్థ దర్శనము. రెండవది, నెల్లిమర్ల నియోజకవర్గములోనిదే యగు భోగాపురమున, సముద్రమునకు చేరువగా, విమానాశ్రయమునకై ఎన్నుకొనిన భూమిని కన్నులార చూడవలెనను కుతూహలము. తమ యింటి ఆవరణలోనే స్వహస్తములతో విమానమును నిర్మించుకొను సాహసులను గూర్చియు, వారు తాము బిగించిన యంత్రమును మొట్టమొదటిసారి త్రిప్పి చూచుకొను ఘడియను గూర్చియు నేను బహుకాలముగా చదువుచున్నాను. ఆ యంత్రములలో నా మనస్సును మిక్కిలి ఆకర్షించినది రోటరీ ఇంజను. నెల్లిమర్ల పరిసరములలో తిరిగినంతసేపును ఆ చింతన నన్ను విడువలేదు. ఇచ్చటి నేలయు, ఇచ్చటి పంటయు, ఇచ్చటి పనివారి నేర్పును దానికి అడుగడుగునను ఆలంబనము నిచ్చినవి.

రామతీర్థమున శ్రీరామస్వామి కోవెలను సేవించి, గురుభక్తుల కొండ యెక్కితిని. ఒకనాడు బౌద్ధభిక్షువులు వర్షాకాలమును గడపిన విహారముల పునాదులు, స్తూపముల యిటుకలు, నీటితొట్లు ఆ కొండపై నేటికిని నిలిచియున్నవి. ప్రక్కకొండపై జైనుల యానవాళ్లును గలవు. కొండపైనుండి చూచినచో పొలములు, చెరువులు, నది, రైలుదారి, మిల్లు అన్నియు ఒక్క చూపులో నిమిడిపోవును. దిగివచ్చి నెల్లిమర్లకు మరలుచు, దారిలో ఒక పల్లెయొద్ద మంచినీటికై ఆగితిని. ఆ యింటి పెరటిలో ఒక వృద్ధురాలు మూడురాళ్ల పొయ్యిపై మట్టికుండ నెక్కించి ఆముదము వండుచుండెను. వేయించి దంచిన గింజల ముద్ద నీటిలో కుతకుత ఉడుకుచుండగా, పైకి తేలివచ్చిన పచ్చనైన నూనెను ఆమె గరిటెతో నెమ్మదిగా తీసి మరియొక గిన్నెలోనికి వంచుచుండెను. నేను నిలిచి చూచుచుండుట గమనించి, "ఏటి బాబూ, అలాగ సూస్తన్నారు? ఆవదం వండడం ఎప్పుడూ సూడ్లేదేటి?" అని నవ్వినది.

"చిన్నప్పుడు చూశానమ్మా. ఇప్పుడింకా ఇళ్లలో వండుతున్నారా?" అంటిని.

"మా పిల్ల పురిటికొచ్చింది. పసిగుడ్డు మాడుకి కొట్టు నూని ఎట్టబుద్దేస్తాదా?" అనుచు ఆమె రెండవ గిన్నెను పొయ్యిపై నుంచినది. నూనెలో మిగిలిన నీటితడి చిటపట మని శబ్దము చేయసాగెను. ఆమె చెవి యొగ్గి, మంటను తగ్గించి, ఆ శబ్దము పూర్తిగా అణగువరకు కదలక కూర్చున్నది. "సిటపట ఆగినాకే దింపాల బాబూ. ముందే దింపేస్తే నాలుగు రోజులకే కంపెక్కిపోద్ది" అని చెప్పి, నూనె నిశ్చలమైన పిమ్మట గిన్నెను దింపినది.

ఆ పచ్చని నూనెను చూచుచు నేను ఫ్రాన్సు దేశమును తలచుకొంటిని. ఏ చెట్టూ లేనిచోట ఆముదపు చెట్టే మహావృక్షమని మనవారు దానిని తేలికచేసి మాటలాడుట గలదు; కాని విమానవిద్య శైశవావస్థలో నున్న నాడు ఐరోపాలో ఆ చెట్టు నిజముగానే మహావృక్షమైనది. ఆ దేశపు సెగాన్ సోదరులు 1908లో రూపొందించిన నోమ్ ఒమేగా యను ఇంజను విమానచరిత్రను ఒక మలుపు త్రిప్పినది. అంతకుమునుపు యంత్రములు చాలవరకు బరువుగా నుండెడివి; చల్లబరచుటకు నీరు, నీటికి రేడియేటరు, రేడియేటరుకు గొట్టములు కావలసి వచ్చెడివి; గాలిలో కొంతసేపు నడువగానే తరచుగా వేడెక్కి ఆగిపోయెడివి. సెగాన్ సోదరులు సాహసించి సామాన్య క్రమమునే తలక్రిందులు చేసిరి. నడిమి ఇరుసును విమానమునకు బిగించి కదలనీయక, దాని చుట్టు నక్షత్రాకారముగా అమర్చిన ఏడు సిలిండర్లనే ప్రొపెల్లరుతో సహా గిరగిర త్రిప్పిరి. సిలిండర్లు తామే గాలిని చీల్చుకొని తిరుగుచుండుటచే చల్లబడుటకు నీటితో పని లేకపోయినది. గట్టి ఉక్కుదిమ్మను తొలిచి తొలిచి, గోడ మందము ఒకటిన్నర మిల్లీమీటరు మాత్రము మిగులునట్లు ఒక్కొక్క సిలిండరును మలచిరి. సుమారు 75 కిలోల బరువుతో 50 అశ్వశక్తి నిచ్చు ఆ యంత్రమును హెన్రీ ఫార్మాన్ అను వైమానికుడు 1909 ఆగస్టులో రైమ్స్ నగరపు విమానోత్సవమున తన విమానమునకు బిగించుకొని, 180 కిలోమీటర్లు నిరాఘాటముగా ఎగిరి బహుమతి గెలిచినప్పుడు లోకమంతయు విస్మయము చెందినది.

ఈ యంత్రమునకు ఆముదముతో గల బంధము విశేషమైనది. పెట్రోలును గాలియును కలిసిన మిశ్రమము దాని నడిమి డొల్ల గుండనే సిలిండర్లకు చేరవలసి యుండెను. ఖనిజతైలమును అందు పోసినచో పెట్రోలు దానిని కరగించి పలుచన చేసి, కందెనగా పనికిరాకుండ జేయును. ఆముదమో, పెట్రోలులో సులభముగా కరగదు. వేడికి తన చిక్కదనమును కోల్పోక లోహమును అంటిపట్టుకొని యుండును. అందుచే రోటరీ ఇంజనుకు ఆముదమే ప్రాణమైనది. లోపలికి పోసిన నూనె తిరిగి తొట్టిని చేరక, పొగతో బాటు బయటకు చిమ్మబడి చోదకుని ముఖమును, కండ్లద్దములను తడిపివేయుచుండెను. మొదటి ప్రపంచయుద్ధ కాలమున ఈ యంత్రముల సంఖ్య వేలకు పెరిగినప్పుడు, అమెరికా ప్రభుత్వము మన దేశమునుండి ఆముదపు గింజలను ఓడపై తెప్పించుకొని తన పొలములలో నాటించినది. పెరటి కుండలో వండు నూనెకును మహాయుద్ధపు విమానములకును అటువంటి బాంధవ్య మేర్పడినదని ఆ వృద్ధురాలికి చెప్పగా, ఆమె "ఆవదం కదా బాబూ, దేనికైనా పనికొస్తాది" అని సహజముగా అంగీకరించినది.

ఆ యుద్ధమునకు మునుపు, విమానవిద్య తొలినాళ్లలో, విమానమనగా చాలవరకు ఇంటనో చిన్న కర్మశాలలోనో నిర్మించుకొనునదియే. పెద్ద కర్మాగారములు ఇంకను విస్తరింపలేదు. ఇప్పుడు నేను నిలిచిన ఈ భూమి నాడు చెన్నపట్టణపు ప్రెసిడెన్సీలోని విశాఖపట్టణ మండలములోనిది; ఆ చెన్నపట్టణముననే 1910లో జియాకోమో డాంజెలిస్ అను కార్సికా ద్వీపవాసి, వృత్తిచే భోజనశాలాధిపతి యైనను, తానే ఒక విమానమును సంకల్పించి, సింప్సన్ కంపెనీ వారి బండ్ల కర్మశాలలో దానిని కట్టించి, అల్పశక్తి గల యంత్రమును బిగించి, పల్లావరపు కొండప్రాంతమున దానిని పరీక్షించెను. మన దేశపు తొలి విమానయానములలో నది యొకటి. గుఱ్ఱపుబండ్లు చేయు వడ్రంగుల చేతులు ఆ రెక్కలను మలచినవి. మన దక్షిణదేశమున విమానవిద్య ప్రభుత్వపు ఆజ్ఞలతో గాక, ఒక వ్యక్తి యొక్క తపనతోను చేతిపనివారి నైపుణ్యముతోను ప్రారంభమైనదని తలచినప్పుడు నాకు గర్వము కలుగును.

మధ్యాహ్నమునకు నెల్లిమర్ల చేరి, మిల్లు సమీపమున ఒక టీకొట్టులో కూర్చుంటిని. అచ్చట పరిచయమైన ఒక పెద్దమనిషి, మిల్లులలో ఫిట్టరుగా బహుకాలము పనిచేసి విశ్రాంతి పొందినవాడు, నూలు వడకు యంత్రములను గూర్చి ఆప్యాయముగా చెప్పుచుండెను. కొత్తగా అమర్చిన యంత్రమును మొదటిసారి ఎట్లు నడిపెదరని అడిగితిని. "ముందు బెల్టు తీసేసి మోటారొక్కటే తిప్పుతాం బాబూ. ఆ తరవాత బెల్టేసి, సరుకెయ్యకుండా ఒట్టి మిషను తిప్పుతాం. ఓ పావుగంటయ్యాక ఆపేసి ప్రతి బేరింగు మీదా సెయ్యేసి సూస్తాం. సెయ్యి ఓర్సుకుంటే సరే. సుర్రుమంటే ఇప్పేసి మళ్లీ సూసుకోవాల. మొదటి గంటలో తొందరపడినోడు ఆర్నెల్లు రిపేర్లు సేస్తానే ఉంటాడు" అని అతడు తన అరచేతిని చాచి చూపినాడు. వేళ్లు కొంచెము వంకరపోయిన ఆ చేయి యెన్ని బేరింగుల వేడిని చవిచూచినదో!

ఇంట విమానము నిర్మించువారు తమ రోటరీ ఇంజనును మొదటిసారి నడుపు విధానమును నేను చదివియుంటిని. ఆ ఫిట్టరు మాటలలో దాని సారమంతయు వినవచ్చినది. ఈ కాలపు రోటరీ ఇంజను సెగాన్ సోదరుల దానికంటె భిన్నమైనది. ఫెలిక్స్ వాంకెల్ అను జర్మను దేశస్థుడు సంకల్పింపగా, ఎన్.ఎస్.యు. కంపెనీ వారి యంత్రశాలలో 1957 ఫిబ్రవరి 1న తొలిసారి నడచిన ఈ యంత్రమున పిస్టన్లు లేవు, కవాటములు లేవు. నడుము సన్నపడిన వేరుశనగకాయను నిలువున చీల్చినట్లుండు డొల్లలో మూడంచుల రోటరు ఒకటి తిరుగుచుండును. దాని మూడు ముఖములును వంతులవారీగా ఇంధనమును గ్రహించి, అదిమి, మండించి, పొగను వెడలగొట్టుచుండును. రోటరు ఒక చుట్టు తిరుగులోపల ఇరుసు మూడు చుట్లు తిరుగును. జపానులోని మాజ్డా కంపెనీ 1967లో రెండు రోటర్ల ఇంజనుతో కాస్మో స్పోర్ట్ కారును విపణిలో విడుదల చేసినది. ఆ సంస్థయే తరువాత చేసిన 13బి యను ఇంజను అమెరికాలోని గృహనిర్మిత విమానములలో అనేకముగా చోటు చేసికొన్నది. కదలు భాగములు తక్కువ, పరిమాణము చిన్నది, కంపము స్వల్పము. ఇవి దాని సద్గుణములు. వేడి మిక్కుటము, పొగగొట్టపు మంట సామాన్యపు లోహమును దెబ్బతీయునంతటిది, ఇది దాని కఠినస్వభావము.

కారుకై పుట్టిన యంత్రమును ఆకాశమునకు అనుకూలింపజేయుట సులభము కాదు. ఇరుసు నిమిషమునకు ఆరువేల చుట్లు తిరిగినప్పుడు గాని ఆ ఇంజను తన పూర్తి బలమును చూపదు. ప్రొపెల్లరో, అందులో సగముకంటె తక్కువ వేగముననే గాలిని సవ్యముగా కోయును. కావున నడుమ పండ్లచక్రముల పెట్టె యొకటి అమర్చి వేగమును తగ్గింపవలెను. ఇవన్నియు బిగించిన పిమ్మట వచ్చును మొదటి పరీక్ష. విమానపు తోకను నేలలో లోతుగా పాతిన గుంజకు మోకులతో కట్టివేయుదురు. చక్రములకు ముందు దిమ్మలు వేయుదురు. ప్రొపెల్లరు తిరుగు వరుసలో ఎవ్వరిని నిలువనీయరు. నిప్పునార్పు సాధనముతో ఒకడు సిద్ధముగా నుండును. పిదప స్పార్కుప్లగ్గులను ఊడదీసి, మంట పుట్టనీయక, స్టార్టరుతో ఇంజనును ఊరకయే త్రిప్పుచు, నూనె ఒత్తిడి చూపు ముల్లు లేచువరకు వేచియుందురు. ముల్లు లేవనిదే ముందడుగు లేదు. వట్టి లోహము లోహమును ఒరసికొన్న కొన్ని క్షణములే చాలును, నెలల శ్రమ వ్యర్థమగుటకు.

ముల్లు లేచిన పిమ్మట ప్లగ్గులు బిగించి ఇంజనును నడిపెదరు. బిగించునప్పుడు లోపల పూసిన నూనె మండి మొదట తెల్లని పొగ దట్టముగా వెలువడును. చూచువారికి భయము గొల్పినను అది స్వాభావికము. నీటి యుష్ణోగ్రత యెంత, నూనె యుష్ణోగ్రత యెంత, ఇంధనపు ఒత్తిడి నిలకడగా నున్నదా, పండ్లచక్రపు పెట్టెనుండి క్రొత్త శబ్ద మేదైన వచ్చుచున్నదా యని ఒకడు చూచుచుండగా మరియొకడు వ్రాసికొనును. ఈ మాజ్డా యంత్రమున రోటరు వేడిని మోసికొనిపోవునది నూనెయే గనుక, నీటి రేడియేటరుతో సమానముగా నూనె చల్లబరచు పెట్టెయు ప్రధానమగును. విమానము నేలపై కట్టబడి యున్నప్పుడు ఎగురునప్పటివలె ఎదురుగాలి రాదు. కొద్ది నిమిషములలోనే ముండ్లు ఎఱ్ఱగీతకు చేరువగును. అప్పుడు ఆపివేయవలసినదే. చల్లారిన పిమ్మట ప్రతి కీలును తడిమి, ఎచ్చట తడి చెమర్చినదో, ఏ మర సడలినదో పరిశీలించి, సవరించి మరల నడిపెదరు. రెండు జ్వలన వలయములలో నొకదానిని బుద్ధిపూర్వకముగా ఆపి ఇంజను రెండవదానిపై నడచునో లేదో చూచెదరు. రెండు ఇంధనపు పంపులలో నొకదానిని ఆపి చూచెదరు. ముక్కు పైకెత్తిన స్థితిలో ఇంధనము సరిగా పారునో లేదో కొలిచెదరు. గాలిలో దైవాధీనముగా సంభవింపదగిన ప్రతి ఆపదను నేలపై తామే కల్పించుకొని, దానికి విరుగుడు వెదకుకొందురు. ఆ మీదట గాలిలోనికి లేచినను, అమెరికా దేశపు నియమము ననుసరించి అటువంటి విమానము సాధారణముగా నలుబది గంటలు జనావాసములకు దూరముగా, నిర్ణీత ప్రదేశమున పరీక్షార్థమే ఎగురవలెను.

ఈ విద్య మనకు పరాయిది కాదు. మన పొరుగున, తెలుగు మాట విరివిగా వినిపించు కోలారులో, రెండవ ప్రపంచయుద్ధ కాలమునాటి పాడుపడిన రన్‌వేపై 2009 ఏప్రిల్‌లో ఒక ఆదివారము తెల్లవారుజామున జరిగిన సంఘటన ఇందుకు సాక్ష్యము. స్వదేశమున రూపొందిన వాంకెల్ ఇంజను అమర్చిన నిశాంత్ అను మానవరహిత విమానము అచ్చటినుండి లేచి, 1.8 కిలోమీటర్ల ఎత్తునకు చేరి, నలుబది నిమిషములకు ఎండిపోయిన చెరువులో సురక్షితముగా దిగినది. బెంగుళూరులోని జాతీయ వైమానిక పరిశోధనశాల ఆ యంత్రపు మూలరూపమును కల్పించినది. అహమ్మద్‌నగరులోని రక్షణశాఖ వాహన పరిశోధన సంస్థ దాని అనుబంధములను సమకూర్చినది. బెంగుళూరులోని వైమానిక అభివృద్ధి సంస్థ దానిని ఎగురవేసినది. దాని శక్తి 55 అశ్వములు. బరువు సుమారు 30 కిలోలు. అంతకు నూరేండ్ల మునుపు ఫార్మాన్ విమానమున దాదాపు అంతే శక్తికి 75 కిలోల ఉక్కు కావలసి వచ్చినదని తలచినచో, ఈ నడుమ ఎన్ని వేల గంటలు ఎందరు పనివారు ముండ్లవైపు చూచుచు యంత్రములయొద్ద కూర్చుండిరో ఊహింపవచ్చును. నిశాంత్ విమానశ్రేణి తరువాత సైన్యమునుండి తప్పుకొన్నది. కాని పరీక్షాశాలలో చేతికి వచ్చిన విద్య తప్పుకొనునది కాదు.

సాయంకాలము భోగాపురము చేరితిని. అల్లూరి సీతారామరాజు పేరు దాల్చిన ఈ అంతర్జాతీయ విమానాశ్రయమునకు 2023 మే 3న శంకుస్థాపన జరిగినది. సుమారు 2,200 ఎకరముల విస్తీర్ణము, 3,800 మీటర్ల రన్‌వే. ఒకప్పుడు సరుగుడు, జీడిమామిడి తోటలతో నిండియుండిన ఈ తీరభూమిపై ఆ పొడవైన దారిని చూచినప్పుడు, మన యూళ్లవారి జీవితములలో ఎంత మార్పు రానున్నదో మనస్సునకు తట్టినది. దీని నిర్మాణభారము వహించిన జి.ఎం.ఆర్. సంస్థకు మూలపురుషుడైన గ్రంధి మల్లికార్జునరావు ఇదే పాలకొండ దారిలోని రాజాం వాస్తవ్యుడు. ఆయన తొలినాళ్ల పరిశ్రమయు జూట్ మిల్లే. గోగు పండు నేలనుండి గగనమార్గమునకు పోవు దారి ఇచ్చటివారికి క్రొత్త కాదని దీనివలన తెలియుచున్నది. ఇంతటి మహానిర్మాణమైనను పరీక్ష నుండి తప్పించుకొనలేదు: ఏ విమానాశ్రయముననైనను ప్రయాణికులతో విమానము దిగుటకు మునుపు, పరికరములు మోయు ప్రత్యేక విమానము మరల మరల ఆ గగనమున తిరిగి, దారి చూపు సంకేతములు సరిగా నున్నవో లేవో నిర్ణయింపవలసియే యుండును.

కాని విమానాశ్రయము మాత్రమే మనకు చాలదని నా దృఢవిశ్వాసము. విమానమెక్కుట నేర్చిన జాతి వేరు, విమానమును చేయుట నేర్చిన జాతి వేరు. మొదటిది ధనముతో వచ్చును. రెండవది ఓర్పుతో మాత్రమే వచ్చును. సమీపమున కోరుకొండ సైనిక పాఠశాల 1962 నుండి విద్యార్థులను దేశరక్షణకు తీర్చిదిద్దుచున్నది. విజయనగరము చుట్టును ఇంజనీరింగు కళాశాలలు వెలసియున్నవి. మిల్లులలో జీవితము గడపిన ఫిట్టర్లు ప్రతి వీధిలోను గలరు. వీరందరిని ఒకచోట చేర్చుటకు ఒక రేకుల షెడ్డు, నేలలో గట్టిగా పాతిన ఒక పరీక్షాపీఠము, విప్పి బిగించుకొనుటకు ఒక పాత ఇంజను, రీడింగులు వ్రాసికొనుటకు ఒక పుస్తకము చాలును. అచ్చట కళాశాల విద్యార్థి గణితము చెప్పవలెను. వృద్ధుడైన ఫిట్టరు అరచేతితో వేడి చూడ నేర్పవలెను. పాఠశాల బాలుడు ముల్లు చూచి అంకె పలుకవలెను. మొదటి సంవత్సరమున ఏ విమానమును ఎగురనక్కరలేదు. ఇంజను నడచి, ఆగి, మరల నడచి, ఎందుకు ఆగినదో తెలిసినచో ఆ సంవత్సరము సఫలమైనట్లే. చెన్నపట్టణపు బండ్ల వడ్రంగులు 1910లో చేయగలిగినది, కోలారు మైదానమున మన శాస్త్రజ్ఞులు 2009లో చేసి చూపినది, నెల్లిమర్ల యువకులకు అసాధ్యమని నేను నమ్మను. భోగాపురమునుండి ఎగురు విమానములను తలయెత్తి చూచు ఈ ప్రాంతపు బాలబాలికలకు, వానిలోని యంత్రమును విప్పి చూపి త్రిప్పి చూపు చోటును కూడ మనము కల్పింపవలెను. ఆ బాధ్యత ఈ జిల్లా పెద్దలది, విద్యాలయములది, మనందరిది.